మింగింది ఎంత, ఒంటబట్టింది ఎంత

ఐరన్ మాత్రల అట్ట మీద 60 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. మాత్రలో ఎంత ఇనుముందో ఆ అంకె చెబుతుంది. అందులో రక్తం దాకా చేరేదెంతో చెప్పదు. ఒంట్లో ఇనుము తరిగిపోయిన మనిషి పరగడుపున మింగితే ఐదో వంతు దాకా అందవచ్చు. అదే మాత్రను కడుపునిండా సంగటి తిని, వెనకాలే టీ తాగి మింగితే రెండు మూడు మిల్లీగ్రాములు అందడం కూడా కష్టమే. మాత్ర ఒకటే, ధర ఒకటే, అట్ట మీది అంకె ఒకటే. అందింది మాత్రం నాలుగైదు రెట్ల తేడా. మడకశిర రైతుకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది మండలాఫీసు లెక్క, చేనులో ఎంత పదును దిగిందన్నది రైతు లెక్క. గంటసేపు దంచికొట్టి వంకలో పారిపోయిన వాన వేరుశనగకు అక్కరకు రాదు. మాత్రలు, టానిక్కులు, విటమిన్ డబ్బాల విషయంలో మాత్రం మనం ఇంకా కురిసిన లెక్క దగ్గరే ఆగిపోయాం. ఏ మాత్ర కొనాలని నలుగురిని అడుగుతాం. దాన్ని ఎప్పుడు, దేనితో, ఒంట్లో ఏ పరిస్థితి ఉండగా మింగుతున్నామని ఎవరినీ అడగం. నా వాదన ఇదే: రెండో ప్రశ్న మొదటిదానికన్నా పెద్దది. పైగా దానికి దొరికే జవాబుల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

మడకశిర ఆంధ్రప్రదేశ్ పటంలో కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన మూల. ఒకవైపు పావగడ, మరోవైపు సిరా. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలోదే. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఈ మెట్ట నేలలో సరిహద్దుకు రెండు వైపులా కంచంలో ఉండేది రాగి ముద్దే. రక్తహీనత ఇక్కడి ఇళ్లలో ఎంత మామూలంటే, దాన్ని జబ్బుగా కాక ఆడవాళ్ల తత్వంగా చూసేంత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. దేశం మొత్తానికి ఆ లెక్క 57 శాతం. ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం మొదలైంది 1970లో. యాభై ఏళ్లు మాత్రలు పంచాక కూడా సగానికి పైగా ఆడవాళ్లు నీరసంతోనే కూలికి వెళ్తున్నారు. దీనికి కారణం ఒక్కటే కాదు. పంచిన మాత్రలన్నీ గొంతు దిగవు. కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీలుస్తాయి. నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవాళ్లు, వెంటవెంటనే కాన్పులైనవాళ్లు, బి12 లోపంతో రక్తం తగ్గినవాళ్లు ఉన్నారు. ఇవన్నీ నిజమే. వీటి మధ్య ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది మరొకటి: బుద్ధిగా మింగిన మాత్ర కూడా పేగు గోడ దాటకపోవడం.

ఎందుకు దాటదో తెలిస్తే సగం పని అయినట్టే. లోపలికి వచ్చిన ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుము అలా పోదు. చర్మం, పేగుల పొరలు రాలిపోయేటప్పుడు రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము, ఆడవాళ్లకు నెలసరితో మరికొంత, అంతే. మిగులు ఇనుము కాలేయంలోనూ గుండెలోనూ పేరుకుని కీడు చేస్తుంది. బయటికి పంపలేదు కాబట్టి లోపలికి రానిచ్చేటప్పుడే ఒళ్లు లెక్క చూసుకుంటుంది. ఆ లెక్కంతా ముఖ్యంగా జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు తొలిభాగంలో, జానెడుకు కాస్త ఎక్కువ పొడవులో జరుగుతుంది. కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగితే పేగు కణాల్లోకి దిగిన ఇనుము రక్తంలోకి పోకుండా ఆగిపోతుంది, తగ్గితే దారి తెరుచుకుంటుంది. నిల్వలు నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది. జ్వరం, ఎక్కడైనా చీము, దీర్ఘకాలపు వాపు ఉన్నా పెరుగుతుంది. అందుకే జ్వరంతో పడుకున్న మనిషికి బలం రావాలని ఐరన్ టానిక్ పట్టిస్తే అందులో అందేది బహు తక్కువ. నిదానంగా కరిగేలా గట్టి పూత పూసిన కొన్ని ఖరీదైన మాత్రలకూ ఇదే చిక్కు. కడుపులో వికారం ఉండదని కొంటాం, కానీ అవి కరిగే వేళకు ఇనుమును బాగా తీసుకునే ఆ జానెడు దాటిపోయి ఉంటాయి.

తక్కువ అందుతుందంటే ఎక్కువ మింగుదామన్నది సహజంగా తట్టే ఆలోచన. ఇక్కడే హెప్సిడిన్ అడ్డుపడుతుంది. ఒక పెద్ద మోతాదు ఐరన్ వేసుకున్నాక సుమారు ఒక రోజుపాటు అది పెరిగే ఉంటుంది, కాబట్టి మర్నాటి మాత్రలో అందే పాలు తగ్గుతుంది. 2017లో జ్యూరిక్ పరిశోధకులు దీన్ని మనుషుల్లో కొలిచి చూపారు. ఇనుము నిల్వలు తగ్గినా రక్తహీనత ఇంకా రాని యువతులను తీసుకున్నారు. అందరికీ 60 మిల్లీగ్రాముల చొప్పున పద్నాలుగు మోతాదులే. ఒక జట్టుకు వరుసగా రోజూ ఇచ్చారు, ఇంకో జట్టుకు రోజు విడిచి రోజు. రోజూ వేసుకున్నవాళ్లకు మాత్రలో 16.3 శాతం అందింది, రోజు విడిచినవాళ్లకు 21.8 శాతం. పద్నాలుగు మాత్రలకూ కలిపి చూస్తే 131 మిల్లీగ్రాములకు బదులు 175. జ్యూరిక్ అమ్మాయిలకూ మడకశిరలో చెనక్కాయలు పెరికే ఆడవాళ్లకూ పోలికేమిటని అడగవచ్చు. ఆ శాతాలు ఇక్కడ అలాగే ఉంటాయని నేను అనను. కంచం వేరు, నిల్వలు వేరు. కానీ మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరగడం దేశాన్ని బట్టి మారేది కాదు. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది: రోజు విడిచి రోజు వేసుకుంటే పద్నాలుగు మాత్రలకు ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది కదా, తొందరగా రక్తం పట్టాల్సినవాళ్ల మాటేమిటి? ఇది సరైన మాటే. గర్భిణులకు సమయం తక్కువ, అవసరం ఎక్కువ. ప్రభుత్వం వాళ్లకు నాలుగో నెల నుంచి 180 రోజులపాటు రోజుకో మాత్ర చెప్పింది అందుకే. వాళ్లు ఇది చదివి రోజు మానకూడదు. రక్తం కాస్త తక్కువని తెలిసి, వికారం భరించలేక అట్టను అటక మీద పడేసినవాళ్లు మాత్రం మానేసే ముందు రోజు విడిచి రోజు సంగతి డాక్టరును అడగాలి.

అదే మాత్రలో ఇనుము పక్కనే ఉన్న ఫోలిక్ యాసిడ్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. 1931లో బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ ఈస్టు సారంతో నయం చేశారు. ఆ సారంలో పనిచేసిన పదార్థాన్ని 1945 నాటికి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. ఆకుకూరల్లో సహజంగా ఉండే ఫోలేట్‌లో సుమారు సగం అందితే, మాత్రలోని ఫోలిక్ యాసిడ్ భోజనంతో వేసుకున్నా దాదాపు 85 శాతం అందుతుంది. అంటే ఒకే మాత్రలో ఒక పదార్థం వందకు పది పదిహేను పాళ్లు అందడానికి ఆపసోపాలు పడుతుంటే, దాని పక్కది అడ్డు లేకుండా లోపలికి పోతోంది. సప్లిమెంట్లు ఒంటికి పట్టవని కొందరు, ఏదైనా మాత్రగా వేసుకుంటే బాగా పడుతుందని కొందరు గట్టిగా చెబుతుంటారు. రెండూ తప్పే. ఏ పదార్థానికి ఆ పదార్థం లెక్క వేరుగా వేసుకోవాల్సిందే.

ఇక కంచం దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. కష్టం చేసే మనిషి రోజుకు రెండు వందల గ్రాముల పిండి సంగటిగా తింటే తొమ్మిది మిల్లీగ్రాముల ఇనుము కడుపులోకి పోయినట్టు. వందకు ఐదు పాళ్లు అందుతుందనుకున్నా అది అర మిల్లీగ్రాము దాటదు. రాగి పొట్టులో ఉండే ఫైటిక్ ఆమ్లం, వగరునిచ్చే టానిన్లు పేగులో ఇనుమును కరగని ముద్దగా కట్టేస్తాయి. వేరుశనగలోనూ పప్పుల్లోనూ ఫైటిక్ ఆమ్లం ఉంది కాబట్టి సంగటి, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, పప్పు ఉన్న కంచంలో ఇనుము కనిపించినంతగా అందదు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫార్సుల్లో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని చెప్పడం వెనక ఉన్నది ఈ లెక్కే. ఒంటికి నిజంగా కావాల్సింది రెండు మిల్లీగ్రాముల పైచిలుకు. మన తిండిలోంచి ఎనిమిది శాతమే అందుతుందని లెక్కగట్టారు కాబట్టి కంచంలో 29 ఉండాలన్నారు. భోజనంతో పాటు మింగిన మాత్రకూ ఈ ఫైటిక్ ఆమ్లమే ఎదురవుతుంది. మాత్రగా వచ్చిన ఇనుమును అది వేరుగా చూడదు.

ఇది చదివి రాగులు మానేసి తెల్లన్నానికి మారితే మేలా? మారకూడదు. పాలిష్ పట్టిన బియ్యంలో ఫైటిక్ ఆమ్లం తక్కువే, ఇనుమూ తక్కువే, కాల్షియం దాదాపు లేనట్టే. పోగొట్టుకునేది ఎక్కువ. రాగులు తిని పెద్దలు గట్టిగా బతికారు కదా అనేవాళ్లకు జవాబు పెద్దల వంటలోనే ఉంది. రాగులను నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, విసిరి వాడేవారు. జావను రాత్రి పులియబెట్టి తెల్లారి అంబలిగా తాగేవారు. మొలక వచ్చేటప్పుడు గింజలో ఫైటేజ్ అనే ఎంజైము మేల్కొని ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది, పులిసేటప్పుడూ అదే జరుగుతుంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగి జావ మొదలుపెట్టారు. మంచి పని. ఆ పిండి మొలకెత్తిన రాగులదైతే ఇంకా మంచిది. రెండో ఉపాయం విటమిన్ సి. ఇది ఇనుమును కరిగే రూపంలో నిలబెడుతుంది, ఫైటిక్ ఆమ్లం పట్టును వదులు చేస్తుంది. వంద గ్రాముల జామకాయలో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఉసిరికాయలో అంతకన్నా ఎక్కువ. అర నిమ్మకాయలో పది పదిహేను మిల్లీగ్రాములు. తక్కువే అయినా లేనిదానికన్నా నయం. నిమ్మరసం పొయ్యి దించాక పిండాలి, ఉడికితే విటమిన్ చచ్చిపోతుంది. ఐరన్ మాత్ర వేసుకునేటప్పుడు ఒక జామకాయ కొరుక్కోవడం, దుకాణంలో దానికి జోడీగా అమ్మే విటమిన్ సి బిళ్ల కొనడంకన్నా ఏమీ తక్కువ కాదు.

టీ సంగతి విడిగా చెప్పుకోవాలి. భోజనంతో కలిపి తాగిన టీ ఆ భోజనంలోని ఇనుములో సగానికి పైగా అందకుండా చేస్తుందని 1970ల నుంచీ పరిశోధనలు చూపుతూనే ఉన్నాయి. పాలు పోసినంత మాత్రాన ఆ గుణం పోదు. టీ మానమని చెప్పడం తేలిక. తెల్లారకముందే లేచి పనికి పోయే మనిషికి ఆ గ్లాసు టీయే ఓపిక, ఆకలి చంపేదీ అదే, కాబట్టి ఆ మాట నేను అనను. అడిగేది గంట ఎడం మాత్రమే. భోజనానికీ టీకీ గంట, మాత్రకూ టీకీ కనీసం గంట. ఇది కూడా కూలి మనిషికి ఎలా కుదురుతుందన్న అభ్యంతరం నిజంగా బరువైనది. చేలో గడియారం చూసుకుంటూ ఎవరూ మాత్ర వేసుకోలేరు. కాబట్టి గంటలు లెక్కపెట్టుకోకుండా రోజులో ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టాలి. రాత్రి పెందలాడే తిని, గిన్నెలు కడిగి, పక్క వేసుకునే వేళకు సుమారు రెండు గంటలవుతుంది. ఆ వేళకు టీ ఉండదు, పాలు లేకపోతే మరీ మంచిది. పరగడుపున వికారం తట్టుకోలేనివాళ్లకు అన్నిటికన్నా కుదిరే వేళ అదే. బడి పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రను మధ్యాహ్న భోజనం తరవాత వేయిస్తారు. భోజనంతో కొంత అందకుండా పోతుందని తెలిసే అలా పెట్టారు, పరగడుపున వేస్తే వాంతులయ్యి పిల్లలు మరోసారి నోరు తెరవరు కనక. నా ఉద్దేశంలో ఆ నిర్ణయం సరైనదే. సగం అందినా క్రమంగా కడుపులో పడే మాత్ర, పూర్తిగా అందే వీలుండీ కాలవలో పడే మాత్రకన్నా వెయ్యి రెట్లు మేలు.

గర్భిణికి సర్కారు ఆసుపత్రిలో రెండు రకాల మాత్రలిస్తారు, ఎర్ర ఐరన్ మాత్రలు, తెల్ల కాల్షియం మాత్రలు. 2014 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం కాల్షియం 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు, ఒక్కోదానిలో 250 యూనిట్ల విటమిన్ డి. ఈ రెండు రకాలూ ఒకేసారి గుప్పిట్లో పోసుకుని మింగడం ఇళ్లలో మామూలు, ఒక పని అయిపోతుందని. కాల్షియం ఇనుముకు అడ్డుపడుతుంది. ఒక పూట భోజనంలో 300 మిల్లీగ్రాముల కాల్షియం చేరిస్తే అందే ఇనుము సగానికి పడిపోయినట్టు కొలిచిన పరిశోధనలున్నాయి. అందుకే మార్గదర్శకాలు రెంటికీ మధ్య రెండు గంటల ఎడం పెట్టమన్నాయి. కాల్షియం రెండు మాత్రలనూ ఒక్కసారే మింగినా నష్టమే, 500 మిల్లీగ్రాములకు మించి పేగు ఒక విడతలో సరిగా తీసుకోలేదు. కాల్షియం కార్బొనేటుకు కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అది అన్నం తిన్నప్పుడే బాగా ఊరుతుంది. కాబట్టి ఉదయం తిండితో ఒకటి, రాత్రి తిండితో ఒకటి కాల్షియం. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకో, రాత్రి పడుకోబోయే ముందో ఐరన్. ఈ మాట మాత్రలిచ్చే కిటికీ దగ్గరే చెప్పాలి. చెప్పకపోతే అడిగి తెలుసుకోవాలి.

కాల్షియం లోపల నిలవాలంటే విటమిన్ డి కావాలి. ఇంత ఎండలో దాని లోపం ఎలా వస్తుందని అడిగేవాళ్లు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పని చూడాలి. రాయలసీమలోనే, ఊళ్లలోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన పరిశోధనలో మూడూ కలిసి కనిపించాయి: తిండిలో కాల్షియం తక్కువ, ఫైటిక్ ఆమ్లం ఎక్కువ, రక్తంలో విటమిన్ డి తక్కువ. పల్లెవాళ్లకు పట్నంవాళ్లకన్నా ఎండ ఎక్కువే, తిండిలో కాల్షియంతో పోలిస్తే ఫైటిక్ ఆమ్లమూ ఎక్కువే. ఇక డాక్టర్లు రాసే 60 వేల యూనిట్ల విటమిన్ డి పొడి, గుళిక నూనెలో కరిగేవి. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకున్నవాళ్ల రక్తంలో, కొవ్వు లేని భోజనంతో వేసుకున్నవాళ్లకన్నా 32 శాతం ఎక్కువ కనిపించిందని 2015లో అమెరికా పరిశోధకులు కొలిచారు. నెయ్యి కొననక్కర్లేదు, వేరుశనగ విత్తనాల పచ్చడి ఉన్న భోజనం చాలు. ఇది మామూలుగా వారానికోసారి వేసుకునేది. బలమని రోజూ వేసుకుంటే మూత్రంలో పోదు, పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అందకపోవడమే మేలు చేసే సందర్భం కూడా ఈ నేలలోనే ఉంది. అనంతపురం మెట్టలో బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలా ఊళ్లలో నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. 1990ల్లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది ఈ బాధ చూసే. పరగడుపున తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. అదే కాల్షియం ఉన్న తిండితోనో పాలతోనో కలిస్తే పేగులోనే కొంత కట్టుబడి బయటికి పోతుంది. ఇనుముకు అడ్డమైన కాల్షియమే ఫ్లోరైడుకూ అడ్డం. బడి పిల్లలకు చింతపండు పెట్టి చూసిన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులకు మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగినట్టు కనిపించింది. 2002లో అచ్చయిన ఈ ఫలితం, పక్కనే హిందూపురంలో అంత పెద్ద చింతపండు మార్కెట్ ఉన్న ప్రాంతానికి తెలియాల్సింది. నీళ్లు మార్చుకోవడానికి ఇవేవీ సాటిరావు. నీళ్లు మారేదాకా మాత్రం పిల్లల కంచంలో పాలు, రాగులు, చింతపండు తగ్గనివ్వకూడదు.

మందుల దుకాణంలో చీటీ లేకుండా ఎక్కువగా అమ్ముడుపోయే వాటిలో గ్యాస్ బిళ్లలు ఉంటాయి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని అణిచేస్తాయి. కొన్ని వారాలకు రాసిచ్చినదాన్ని ఏళ్ల తరబడి పొద్దునే వేసుకునేవాళ్లున్నారు. ఆమ్లం లేకపోతే తిండిలోని ఇనుము కరగదు, కాల్షియం కార్బొనేటు కరగదు, పాలలోనూ గుడ్డులోనూ మాంసంలోనూ ప్రోటీనుకు అంటిపెట్టుకున్న బి12 విడిపోదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ బి12ను తగ్గిస్తుంది. ఈ రెండూ వాడే పెద్దవాళ్లు అరికాళ్ల తిమ్మిర్లను షుగరు ఖాతాలో వేసి ఊరుకోకుండా బి12 పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడ సప్లిమెంటుదే పైచేయి, ఎందుకంటే మాత్రలోని బి12 ప్రోటీనుకు అంటుకుని ఉండదు. దాని మీద 1500 మైక్రోగ్రాములని ఉంటుంది, రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. అంత పెద్ద అంకె ఎందుకంటే, మామూలు దారిలో ఒక విడతకు రెండు మైక్రోగ్రాములకు మించి పట్టదు. మిగిలినదాంట్లో సుమారు వందో వంతు దానంతటదే గోడలోంచి ఊరి లోపలికి పోతుంది. అది పదిహేను మైక్రోగ్రాములు, అవసరానికి చాలినంత. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పచ్చగా వస్తే మందు ఒంటబట్టలేదని భయపడతారు. ఆ పచ్చదనం రైబోఫ్లేవిన్‌ది. అది రక్తంలోకి పోయి, అక్కర తీరాక బయటికి వచ్చింది. ఐరన్ వేసుకున్నవాళ్లకు విరేచనం నల్లగా అవుతుంది. అది అందకుండా మిగిలిన ఇనుము. భయపడాల్సిందేమీ కాదు, కానీ ఎంత మిగిలిపోతోందో కంటికి చూపే గుర్తు. మలబద్ధకం, కడుపునొప్పి తెచ్చేది కూడా ఆ మిగులే. ఎక్కువ అందేలా చూసుకుంటే ఆ బాధా తగ్గుతుంది.

ఒంటికి బాగా పడుతుందన్న మాటే ఇప్పుడు అమ్మకపు సరుకైంది. నానో, లైపోసోమల్ అని రాసి పది రెట్ల ధర కడతారు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో చేసిన ఒక పరిశోధన ఎన్ని పసుపు గుళికల డబ్బాల మీదికి ఎక్కిందో లెక్కలేదు. పసుపులోని కర్క్యుమిన్ రెండు గ్రాములతో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో అందుబాటు రెండు వేల శాతం పెరిగిందని అందులో ఉంది. నిజమే. కానీ కర్క్యుమిన్ ఒక్కదాన్నే ఇచ్చినప్పుడు రక్తంలో కనిపించింది లేనట్టే. లేనట్టున్నదానికి ఇరవై రెట్లంటే ఎంతో ఆలోచించాలి. పైపరిన్ ఆ పని చేసేది మందులను విరిచే ఎంజైములను ఆపి. మూర్ఛకు, ఆయాసానికి వాడే కొన్ని మందులు కూడా దానివల్ల రక్తంలో పెరుగుతాయి. కూరలో మిరియాలు వేరు, సారం తీసిన గుళిక వేరు. 2016 నాటి ఆహార భద్రతా సంస్థ నిబంధనలు డబ్బా మీద ఎంత పోషకముందో, అది రోజువారీ సిఫార్సులో ఎంత శాతమో రాయమంటాయి. ఎంత అందుతుందో రాయాలన్న నియమం లేదు. కనీసం మాత్ర కరుగుతుందో లేదో చూసేందుకు ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. 1980ల్లో అమెరికా ఫార్మసీ నిపుణులు జనానికి చెప్పింది. మామూలు కాల్షియం మాత్రను చిన్న గ్లాసెడు వెనిగర్‌లో వేసి మధ్యమధ్య కదుపుతూ అరగంట చూడాలి. మంచిదైతే బుడగలు లేచి, అంచులు ఊడి, అడుగున తెల్లటి మడ్డిగా కూలుతుంది. అరగంటకు కూడా గులకరాయిలా మిగిలితే కడుపులోనూ అలాగే జారిపోవచ్చు. ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అంతా అందుతుందని అర్థం కాదు. ఓడినదాన్ని మాత్రం మళ్లీ కొనకూడదు.

చౌక బియ్యంలోకీ సప్లిమెంటు చేరింది. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక రేషన్, బడి, అంగన్‌వాడీ బియ్యంలో బలవర్ధక గింజలు కలపడం మొదలుపెట్టారు, దాదాపు వందకు ఒకటి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో ఒత్తినవి అవి. చేటలో బియ్యం పోసి చెరిగేటప్పుడు రంగు తేడాగా కనిపిస్తాయి, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమన్న పుకారు నమ్మి వాటినే ఏరి పారేస్తున్న ఇళ్లున్నాయి. పేగు దాకా కూడా పోకుండా చేటలోనే పోషకం పోతోంది. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. మూడు వందల గ్రాములు తింటే ఎనిమిది నుంచి పన్నెండు పైచిలుకు వస్తుంది. అన్నం రంగు మారకుండా వాడిన ఈ ఇనుము మాత్రల్లోని ఫెర్రస్ సల్ఫేట్ అంత బాగా అందదు, కాబట్టి మాత్రకు బదులు కాదు. ఏరకుండా, ఒకటి రెండుసార్లే కడిగి, గంజి వార్చకుండా వండుకుంటే ఉన్నది నిలుస్తుంది. తలసీమియా ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే తినాలి.

ఇన్ని చేశాక అందిందో లేదో తేల్చేది హిమోగ్లోబిన్ పరీక్షే. ఇనుము లోపం వల్ల తగ్గిన రక్తమైతే, మాత్ర సరిగా వేసుకుంటే నెలలో కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగితే మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వల కోసం రెండు మూడు నెలలు సాగించమంటారు. ఒక గ్రాము పెరగకపోతే ఇంకో బలమైన బ్రాండు కొనడం పరిష్కారం కాదు. పురుగులు, మొలలు, కడుపులో పుండు, బి12 లోపం, పుట్టుకతో వచ్చే రక్త దోషం, వీటిలో ఏదో ఒకటి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆసుపత్రికి ఒక చీటీ రాసుకుని వెళ్లాలి: మొదటి పరీక్ష అంకె, నెల తరవాతి అంకె, మాత్ర వేసుకునే వేళ, టీ తాగే వేళ, వాడుతున్న గ్యాస్ బిళ్లా షుగరు బిళ్లా పేర్లు.